టెలిఫోన్ తీగ కత్తిరిస్తే అడిగే హక్కు

1975 డిసెంబరు 17. దేశమంతటా ఎమర్జెన్సీ నడుస్తోంది. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు, పత్రికల మీద సెన్సారు ఉంది. సరిగ్గా ఆ రోజునే ఢిల్లీ వ్యాపారుల టెలిఫోన్ల వ్యవహారంలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. హుకుంచంద్ శ్యాంలాల్ కేసుగా న్యాయశాస్త్ర గ్రంథాల్లో నిలిచిపోయిన తీర్పు అది.

ఆ వ్యాపారులు ఫోన్ల మీద సట్టా (ధరల మీద పందెపు వ్యాపారం) నడుపుతున్నారని, దానివల్ల సరుకుల ధరలు పెరుగుతున్నాయని సర్కారు ఆరోపణ. ఢిల్లీ పాలనా యంత్రాంగం చెప్పిందే తడవుగా టెలిఫోన్ అధికారులు లైన్లు తెంపేశారు.

1951 నాటి టెలిగ్రాఫ్ నిబంధనల్లో ఇందుకు రెండు దారులున్నాయి. మామూలు పరిస్థితుల్లో అయితే కారణం రాతపూర్వకంగా నమోదు చేసి, ఏడు రోజులకు తగ్గకుండా నోటీసిచ్చి, ఆ తర్వాతే లైను తీసేయాలి. అత్యవసర పరిస్థితి వస్తే నోటీసు లేకుండానే తీసేయవచ్చు. అధికారులు రెండో దారి పట్టారు. వినియోగదారుడి మాట వినాల్సిన పని దాంతో తప్పుతుంది కదా! సుప్రీంకోర్టు ఇక్కడే వాళ్లను నిలదీసింది. అత్యవసర పరిస్థితి నిజంగా ఉందో లేదో లైను తీసే అధికారి తానే స్వయంగా తేల్చుకోవాలని, పైవాళ్లు చెప్పారని సంతకం పెడితే చెల్లదని అంది. ఆర్థిక ఒడుదొడుకులు ఉన్నంత మాత్రాన దాన్ని ప్రజా అత్యవసర పరిస్థితి అనడానికి వీల్లేదని కూడా చెప్పి, ఆ ఉత్తర్వులను కొట్టేసింది.

సట్టా వ్యాపారం మీద ఎవరికీ సానుభూతి ఉండనక్కర్లేదు. అయినా ఆ తీర్పు సామాన్యుడి ఇంట్లోని ఫోనుకు కూడా రక్ష అయింది.

అసలు అంత పెత్తనం సర్కారుకు ఎలా వచ్చింది? కలకత్తాలో 1882 జనవరి 28న ఎక్స్ఛేంజి తెరుచుకున్నప్పుడు ఉన్నది 93 మంది చందాదారులు. వైరు వేసింది ప్రైవేటు కంపెనీయే. మూడేళ్లకు వచ్చిన 1885 టెలిగ్రాఫ్ చట్టం తంతి, టెలిఫోన్ వ్యవస్థల మీద సర్వాధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. ఆ చట్టంలో చందాదారుడు ఎక్కడో మూలన ఉండేవాడు. 1957లో దానికి 7బి సెక్షన్ చేర్చారు. బిల్లు మీదో, లైను మీదో తగాదా వస్తే కేంద్రం నియమించిన మధ్యవర్తి తేల్చేవాడు. ఆయన మాటే ఆఖరు, కోర్టుకు వెళ్లడానికి వీలుండేది కాదు. ఆ మధ్యవర్తి సాధారణంగా టెలికం శాఖ అధికారే అయ్యేవాడు. ఎవరి మీద ఫిర్యాదో వారి మనిషే తీర్పరి అన్నమాట. ఇది న్యాయమనిపించుకోదు.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక జనం వినియోగదారుల ఫోరాల మెట్లెక్కారు. కేరళలో బకాయి పేరిట లైను తీసేసిన ఒక కేసులో కనెక్షన్ తిరిగి ఇమ్మని, 5,000 రూపాయల పరిహారం కట్టమని ఫోరం చెప్పింది. ఆ 5,000 కోసం శాఖ సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. 7బి సెక్షన్ ఉండగా ఫోరానికి విచారణాధికారం లేదని 2009లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత ప్రైవేటు మొబైల్ కంపెనీలు కూడా దాన్నే అడ్డం పెట్టుకున్నాయి.

ఆ అడ్డు తొలగించింది అహ్మదాబాద్ చందాదారుడు ఒకరు. నెలకు సగటున 555 రూపాయలు వచ్చే బిల్లు, 2013 చివర్లో ఒక్కసారిగా 24,609 రూపాయలైంది. వొడాఫోన్ మీద ఆయన జిల్లా ఫోరంలో ఫిర్యాదు చేస్తే, ఫోరానికి ఆ అధికారమే లేదని కంపెనీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. చివరికి 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వినియోగదారుడి పక్షాన నిలిచింది. మధ్యవర్తి దారి ఉన్నా వినియోగదారుల కమిషన్ (పాత పేరు ఫోరం) తలుపు మూసుకుపోదని తేల్చింది. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టమైతే సేవల నిర్వచనంలో టెలికాంను పేరు పెట్టి మరీ చేర్చింది.

లైను ఉండటం ఒక ఎత్తు, దాని మీద మాట్లాడే మాట మనదిగా మిగలడం మరో ఎత్తు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పు ఫోన్ సంభాషణను వ్యక్తిగత గోప్యతలో భాగంగా గుర్తించింది. ట్యాపింగ్ ఉత్తర్వు హోం కార్యదర్శి స్థాయిలోనే రావాలని, రెండు నెలలకు మించి చెల్లదని, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదని కట్టడి చేసింది. భార్య ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేసిన ఒక విడాకుల కేసులో, అలాంటి టేపు సాక్ష్యంగా పనికిరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 2025 జులైలో సుప్రీంకోర్టు అందుకు భిన్నమైన దారి పట్టింది. దాంపత్య వివాదాల్లో అలాంటి రికార్డింగులను సాక్ష్యంగా స్వీకరించవచ్చంది. ఇంట్లో నమ్మి మాట్లాడే మాటకు ఆ మేరకు రక్షణ తగ్గిందనే చెప్పాలి.

హక్కులతో పాటు బాధ్యతలూ పాతవే. ఫోను ఎవరు వాడినా పూచీ చందాదారుడిదేనని, అసభ్యపు మాటలకూ ఎదుటివారిని విసిగించడానికీ దాన్ని వాడకూడదని 1951 నిబంధనలే చెప్పాయి. 1885 చట్టం స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఇంకా కటువైంది. మోసంతోనో, మరొకరి పేరుతోనో సిమ్ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆధార్ కాపీ అడిగినవారికల్లా ఇచ్చేముందు, తెలిసినవాళ్లకు మన పేరు మీద సిమ్ తీసిచ్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బిల్లు తప్పుగా వస్తే, అడగని సేవకు డబ్బు కోస్తే ఊరుకోవద్దు. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) రాసిపెట్టుకోండి. పరిష్కారం దొరక్కపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రుసుము లేకుండా విన్నవించుకోవచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫీజు లేదు. అన్యాయం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోగా మాత్రం వెళ్లాలి.