అమ్మ తెచ్చిన వేపపువ్వు

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. దానికి పది రోజుల ముందు అమ్మ గుంటూరు నుంచి వర్జీనియాలో ఉన్న మా ఇంటికి వచ్చింది. పెరట్లో చెట్టు నుంచి దులిపిన వేపపువ్వు, రెండు గుప్పెళ్ళ కరివేపాకు పాత చీరముక్కలో మూటగట్టి తెచ్చింది. విమానాశ్రయంలో తనిఖీ అధికారి మూట విప్పి చూసి, ఇవి తీసుకెళ్ళకూడదని చెత్తడబ్బాలో వేసేశాడు. ఇంటికొచ్చాక కూడా అమ్మది అదే మాట. "పువ్వేం చేసిందే వాళ్ళని?"

నాకూ మనసు చివుక్కుమంది. ఇక్కడ వసంతం వస్తుంది గానీ కోయిల కూయదు, మామిడిపిందె కనబడదు. అమ్మ తెచ్చిన ఆ గుప్పెడు పువ్వే నాకు ఉగాది.

పండగ ముందురోజు శనివారం అమ్మనీ, మా అమ్మాయినీ వాషింగ్టన్‌లో టైడల్ బేసిన్ దగ్గరికి తీసుకెళ్ళాం. నీటి చుట్టూ చెర్రీచెట్లు ఆకు కనబడకుండా పూసి ఉన్నాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఇవి ఇక్కడి చెట్లేనా?" అని అడిగింది చివరికి.

కాదు, జపాన్ నుంచి వచ్చినవి. ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి 1885లో జపాన్ చూసొచ్చి, ఈ చెట్లు ఇక్కడా నాటించమని అధికారులను అడగడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1909లో అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్ ఆ మాట విన్నది. టోక్యో నగరం 2,000 మొక్కలు పంపింది. 1910 జనవరిలో అవి వాషింగ్టన్ చేరాయి. పరీక్షిస్తే పురుగులు, తెగుళ్ళు బయటపడ్డాయి. అధ్యక్షుడి అనుమతితో అన్నిటినీ కాల్చేశారు.

"కాల్చేశారా!" అంది అమ్మ, తన మూట గుర్తొచ్చినట్టు.

టోక్యో మళ్ళీ పంపింది. ఈసారి జాగ్రత్తగా పెంచిన 3,020 చెట్లు. 1912 మార్చి 27న హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చిండా కలిసి మొదటి రెండు చెట్లు నాటారు. అదే ఏడాది ఆగస్టులో మొక్కల దిగుమతి మీద ఇక్కడ చట్టమూ వచ్చింది. కరివేపాకుతో నిమ్మజాతి తోటలకు తెగులు తెచ్చే పురుగు వస్తుందని నేటికీ రానివ్వరు.

కథ అక్కడితో అయిపోలేదు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ దాడి జరిగిన నాలుగు రోజులకు ఎవరో నాలుగు చెట్లు నరికేశారు. ముప్పై ఏళ్ళు ఇక్కడి మట్టిలో బతికినా, ఆ రోజు అవి పరాయివే అయ్యాయి. ఆ మాట చెబుతున్నప్పుడు నేను మా అమ్మాయి వైపు చూడలేకపోయాను. ఇక్కడే పుట్టిన పిల్ల. తర్వాత యుద్ధంలో టోక్యోలోని తల్లితోట పాడైపోతే, 1952లో ఇక్కడి చెట్ల కొమ్మలే అక్కడికి పంపి మళ్ళీ పెంచారు.

"పోనీలే, పుట్టింటికి పనికొచ్చాయి" అంది అమ్మ.

మర్నాడు ఇండియన్ స్టోరులో కొన్న ఎండు వేపపువ్వుతోనే పచ్చడి చేశాం. "చేదు చాల్లేదు" అంటూనే రెండోసారి వేయించుకుంది.

ఇప్పుడు అమ్మ గుంటూరులో ఉంది. మార్చి వస్తే ఫోన్లో మొదట అడిగేది మనవరాలి గురించి కాదు. "ఆ నీటిగట్టు చెట్లు పూశాయా?" అని.