కామెర్ల కారణాన్ని చూపిన శబ్దతరంగం

కామెర్లు అనేది ఒక వ్యాధి పేరు కాదు, పలు వ్యాధులకు ఉమ్మడి లక్షణం. రక్తంలో బిలిరుబిన్ పెరిగినప్పుడు కళ్లు, చర్మం పచ్చబడతాయి. ఎర్రరక్తకణాలు అధికంగా నశించడం, కాలేయ కణాలు దెబ్బతినడం, పైత్యరస నాళం మూసుకుపోవడం, వీటిలో ఏదైనా అందుకు కారణం కావచ్చు. మొదటి రెండింటికి సాధారణంగా మందులు, విశ్రాంతి. మూడవదానికి అడ్డు తొలగింపు. ఈ భేదం తేల్చడమే ఒకనాడు వైద్యులకు గొప్ప చిక్కు.

నొప్పి లేని కామెర్లలో పిత్తాశయం ఉబ్బి చేతికి తగిలితే, కారణం రాయి కాకపోవచ్చునని 1890లో స్విట్జర్లాండుకు చెందిన కుర్వాజియే గమనించాడు. తరువాత రక్తపరీక్షలు వచ్చాయి. నోటిద్వారా రంగుమందు ఇచ్చి తీసే ఎక్స్‌రే కామెర్లలో ఫలించేది కాదు. సందేహం తీరనప్పుడు ఉదరాన్ని కోసి చూడవలసివచ్చేది. కాలేయమే వాచి ఉన్న రోగికి ఆ శస్త్రచికిత్స ప్రాణాంతకం కాగలదు.

1940ల చివర అమెరికాలో జార్జి లుడ్విగ్ శబ్దతరంగాలతో పిత్తాశయ రాళ్లను గుర్తించే ప్రయోగాలు చేశాడు. 1958లో గ్లాస్గోకు చెందిన ఇయాన్ డొనాల్డ్ బృందం ఉదరంలోని గడ్డల పరిశీలనపై లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రచురించింది. ఆ మరుసటి ఏడాదే, మా మడికొండకు చేరువన వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల ఆరంభమైంది. 1970లలో బూడిదవర్ణ ఛాయల చిత్రం రావడంతో కాలేయంలోని నాళాలు సైతం స్పష్టమయ్యాయి.

ప్రధాన పైత్యనాళం వెడల్పు సాధారణంగా 6 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. అంతకు మించి ఉబ్బితే కింద ఎక్కడో అడ్డు ఉన్నదని అనుమానించాలి. వయసు మీరినవారిలోనూ, పిత్తాశయం తీసివేసినవారిలోనూ కొంత ఎక్కువ ఉండవచ్చు. నాళపు దిగువ కొనను పేగుల్లోని వాయువు కప్పివేయవచ్చు. అడ్డు ఏర్పడిన తొలినాళ్లలో నాళం ఉబ్బకపోనూవచ్చు. కనుక స్కానింగు బాగున్నంత మాత్రాన నిశ్చింత తగదు. అవసరమైతే ఎమ్మార్సీపీ వంటి పరీక్షలు చేయించాలి.

మన పల్లెల్లో నేటికీ కామెర్లనగానే పసరుమందు గుర్తుకొస్తుంది. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుతుంది. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. నాళంలో రాయిగాని, క్లోమంలో కంతిగాని ఉంటే పసరు ఏమీ చేయజాలదు. గడిచిన ప్రతి వారమూ నష్టమే.

మలం సున్నపు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పుట్టినా వెంటనే పరీక్ష చేయించుకోండి. చలిజ్వరం, కడుపునొప్పి తోడైతే అది అత్యవసరం. ఆ రోజే ఆసుపత్రికి చేరండి. మామూలుగా స్కానింగుకు ముందు 6 నుండి 8 గంటలు ఆహారం మానితే పిత్తాశయం చక్కగా కనబడుతుంది. ఇందులో కోత లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. కారణం తెలిసిన తరువాతనే చికిత్స ఆరంభించండి.