టూ స్ట్రోక్ బండి – తోంగ్‌పాల్ ఘాటు

మనలో చాలామందిమి బండి నేర్చుకున్నది టూ స్ట్రోక్ మీదే. రాజ్‌దూత్, యెజ్డీ, ఆ తర్వాత ఆర్.ఎక్స్. 100. "సార్, దీన్ని ఇంకాస్త లాగేట్టు చెయ్యొచ్చా?" అని మోటారు ట్రాన్స్‌పోర్టులో పనిచేసిన నన్ను అడగని జవాను లేడు. ఆ ప్రశ్నకు జవాబు వెనక పెద్ద చరిత్రే ఉంది.

ఈ ఇంజనులో ఫోర్ స్ట్రోక్‌లో లాంటి వాల్వులుండవు. సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే తెరుస్తుంది, మూస్తుంది. ప్రతి చుట్టుకీ ఒక పేలుడు. కాబట్టి చిన్న ఇంజనైనా బలం ఎక్కువ. లోపం ఒక్కటే: కాలిన పొగతో పాటు కొంత తాజా పెట్రోలు కూడా బయటికి పోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పారాట్రూపర్లకు రాయల్ ఎన్‌ఫీల్డ్ 125 సి.సి. 'ఫ్లయింగ్ ఫ్లీ' ఇచ్చారు. 1944లో ఆర్న్‌హెమ్ దాకా వెళ్ళిందది. దాని బలం అంతంతమాత్రమే. తేలిక, నమ్మకం దాని గొప్ప.

యుద్ధకాలంలో పీనెముండేలో హెన్షెల్ కంపెనీ క్షిపణి పనిచేసిన వాల్టర్ కాడెన్, తర్వాత తూర్పు జర్మనీలో ఎం.జెడ్. రేసు బండ్లు చేశాడు. సైలెన్సరు గొట్టాన్ని మొదట వెడల్పుగా, తర్వాత సన్నగా చేస్తే, పొగ అల వెనక్కి తిరిగి వచ్చి, పారిపోయే పెట్రోలును మళ్ళీ సిలిండర్లోకి నెడుతుంది. ఈ కిటుకును ఆయన రేసు బండిలో పరిపూర్ణం చేశాడు. 1961 నాటికి 125 సి.సి.లోంచి 25 హార్స్ పవర్ తీశాడు! అదే ఏడాది ఆయన రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు తర్వాత అటునించటే పడమటి వైపుకు వెళ్ళిపోయి సుజుకిలో చేరాడు. 1962లో సుజుకికి 50 సి.సి. ప్రపంచ టైటిల్ దక్కింది.

1985లో మన దేశానికొచ్చిన ఆర్.ఎక్స్. 100 ఇంజను 98 సి.సి., 11 హార్స్ పవర్. 1996లో ఆగిపోయినా, 2018లో మన తెలుగు సినిమాకే పేరయింది.

నేను తోంగ్‌పాల్‌లో ఉన్నప్పుడు ఆ ఊరి కుర్రాడొకడు జగ్దల్‌పూర్‌లో ఎవరిచేతనో సైలెన్సరు సగానికి కోయించి, పొగ రంధ్రం పైకి గీయించి తెచ్చాడు. మోత పెరిగింది, ఘాటెక్కడం తగ్గింది. ఎందుకంటే వెనక్కి నెట్టే సన్నని భాగమే పోయింది. రంధ్రం పైకెళ్తే బలం పై స్పీడుకే పోతుంది. లోడుతో ఎత్తెక్కాలంటే కింది స్పీడులో లాగుడు కావాలి. హెడ్డు అరగదీస్తే వేడి పెరిగి పిస్టను చిల్లుపడుతుంది. మిశ్రమం పలచనైతే పిస్టను పట్టేస్తుంది.

మామూలు ఊళ్ళో బండి ఆగితే తోసుకుంటూ పోవచ్చు. జగ్దల్‌పూర్ నుంచి సుక్మా, కుంటా మీదుగా మన భద్రాచలం వైపు వెళ్ళే ఈ దారిలో అలా కుదరదు. 2013 మే 25న జీరం లోయలో, 2014 మార్చి 11న తహక్‌వాడ దగ్గర పోయినవాళ్ళను మనం మరవలేం. తహక్‌వాడలో 15 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలిచ్చారు.

అందుకే ఆ కుర్రాడికి పాత సైలెన్సరే వెతికి పెట్టించాను, కార్బన్ గీకించాను, ప్లగ్గు మార్పించాను, టూటీ ఆయిల్ కొలత చెప్పాను. సిలిండరు మాత్రం మళ్ళీ కొత్తది వెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత వెనక మనిషిని ఎక్కించుకుని ఘాటెక్కేవాడు. అడిగే జవాన్లందరికీ నేను చెప్పేదీ అదే: ముందు కంపెనీ ఇచ్చిన 11 హార్స్ పవర్ పూర్తిగా వస్తోందా చూసుకోండి, తర్వాత పన్నెండో దాని సంగతి ఆలోచిద్దాం. జై హింద్.