అద్దానికి మూత

హైదరాబాదులోని అబిడ్స్ బజారుకి పేరిచ్చిన మనిషి ఉద్యోగం ఏమిటో తెలిశాక రెండు రోజులు నాలో నేనే నవ్వుకున్నాను. ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడు. ప్రభువు ముస్తాబయ్యే వేళకు బట్టలు, బూట్లు, బొత్తాలు, వాచీ అందించడం ఆయన పని అంటారు. మిగతా ఊళ్ళ బజార్లకు రాజుల పేర్లుంటాయి. మనకేమో రాజుగారికి వాచీ అందించినాయన పేరు.

మహబూబ్ పాషా ఒకసారి విడిచిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాలు 176 అడుగుల పొడవున ఇవాళ్టికీ బారులు తీరి ఉన్నాయి. అలా విడిచినవాటిని ఆబిద్ దాచిపెట్టి, తన కొట్లో సర్ది, కొన్నాళ్ళయ్యాక తిరిగి ప్రభువుకే అమ్మేవాడని ఊళ్ళో కథ. నిజమో కాదో గానీ, అబిడ్స్‌లో బేరమాడిన ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. 1891లో ప్రభువు కొనబోయిన జాకబ్ వజ్రం బేరంలోనూ మధ్యన నిలబడ్డది ఈయనే. ఆ బేరం గొడవై కలకత్తా హైకోర్టు దాకా పోయింది. ఆ వజ్రం చివరికి మహబూబ్ పాషా జోడు ముందుభాగంలో దొరికిందనీ, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడనీ చెబుతారు. ఆబిద్ గురించి మొదలుపెడితే ఇలాగే ఎటో పోతాం. వాచీ దగ్గరికి వద్దాం.

మహబూబ్ పాషా పులులను వేటాడటంలో పేరుమోసినవాడు. ఆ కాలపు జేబు గడియారాల్లో ఒక రకం పేరే హంటర్. ఇంగ్లాండులో గుర్రమెక్కి నక్కల వెంటపడే దొరలు అద్దం పగలకుండా దానిపై లోహపు మూత పెట్టించుకున్నారు. మీట నొక్కితే మూత లేస్తుంది. ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని రెండో చేత్తో మూత తీయడం తిప్పలే కాబట్టి, తర్వాత మూత నడుమ చిన్న కిటికీ తొలిచారు. అది హాఫ్ హంటర్. ఆటకో వేటకో పనికొచ్చే గడియారాలకు నాకు తెలిసి పెద్దతాత ఇదే. పేరుకు తగ్గ పని చేసేది.

దాని మనవడు మన దేశపు మైదానాల్లో పుట్టాడు. పోలో ఆడే బ్రిటిష్ అధికారుల మణికట్టు మీద వాచీ అద్దాలు పగిలిపోతున్నాయని మొర విని, సెజార్ ద త్రే అనే స్విస్ వ్యాపారి ఉపాయం వెతికాడట. ఫలితం రివర్సో. 1931 మార్చి 4న పారిస్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. డబ్బాను పక్కకు జరిపి బోర్లా తిప్పితే అద్దం లోపలికి, ఉక్కు వీపు బయటికి. నాంపల్లికి కూతవేటు దూరంలోని ఫతే మైదాన్‌లోనూ నిజాం కాలంలో పోలో ఆడేవారు. 1687లో గోల్కొండ గెలిచిన మొగలు సేనలు సంబరం చేసుకున్న నేల అది. ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం. గుర్రాలు లేవు. రివర్సో మాత్రం లక్షల ధరతో పెళ్ళి సూటు కిందికి చేరింది. బోర్లా తిప్పితే ఉక్కు వీపు మీద పేరు చెక్కించుకోవచ్చట.

ఆ పైన కథ పరుగే. నీటి అడుగుకు దిగే డైవర్లకు 1953లో సబ్‌మెరీనర్, కారు పందేలకు 1957లో స్పీడ్‌మాస్టర్. ఈ రెండోది 1969లో చంద్రుడి మీదికి పోయింది, పేరులో లేని పనికే ఎక్కువ పనికొచ్చింది. 1969 చివర్లో సీకో క్వార్ట్జ్ వాచీ దింపాక కీ వాచీలకు కాలం చెల్లడం మొదలైంది. 1972లో రాయల్ ఓక్ ఉక్కు వాచీని బంగారు వాచీలను మించిన ధరకు పెట్టారు. నా లెక్కలో అక్కడితో ఆట ఉత్త అలంకారమైపోయింది. డైవర్లు నీటి కింది లెక్కలకు కంప్యూటర్లు కట్టుకోసాగారు. డైవర్ వాచీలు ఆఫీసులకు వచ్చాయి.

మా బావగారి వాచీ 300 మీటర్ల లోతుకు తట్టుకుంటుందట. హుస్సేన్ సాగర్‌లో బాగా లోతైన చోటే 32 అడుగులు. ఆయన చెయ్యి కడుక్కునే ముందు దాన్ని విప్పి జేబులో పెట్టుకుంటారు.

"నీళ్ళు పడితే పోతుందయ్యా!"

నిజానికి ఆయన భయం పూర్తిగా తప్పూ కాదు. నీటిని ఆపేది లోపలి రబ్బరు రింగు. ఏళ్ళు గడిచాక అది గట్టిపడుతుంది. అబిడ్స్‌లో ఓ ముసలాయన కంటికి భూతద్దం బిగించి, అలాంటి ఒక రింగును చిమటాతో పైకెత్తి నాకు చూపించాడు. ఎండిన వడియంలా విరిగింది.

మా నాన్నగారిది హెచ్ఎంటీ పైలట్. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలై 2016లో మూతపడిన వాచీల విభాగం సరుకు. నల్ల ముఖం, 17 రాళ్ళు, రోజూ కీ ఇవ్వాలి. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కడమే ఆయన ప్రయాణం. దాని అద్దం ప్లాస్టిక్. గీతలు పడితే ఆదివారం వసారాలో కూర్చుని, టూత్‌పేస్టు బొట్టు వేసి, పాత పంచె చింపుతో గుండ్రంగా రుద్దేవారు. మధ్యమధ్య వెలుతురుకు ఎత్తి చూసుకుని, ఇంకో బొట్టు వేసేవారు.