అడగడం నేర్పిన బడి

పిల్లలకు ఇవ్వడం నేర్పాలంటే ముందు నలుగురినీ అడగడం నేర్పాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు బడుల్లో సోషల్ చెప్పిన నాకు ఈ నమ్మకం మన కడప జిల్లా పాత రికార్డులు చదివాక ఇంకా గట్టిపడింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ మీ జిల్లాల్లో బడులెన్ని, చదివేవాళ్లెందరని కలెక్టర్లను అడిగాడు. కడప కలెక్టరు జవాబు 1825లో పోయింది. పేద బ్రాహ్మణ పిల్లలు చదువు కోసం ఇల్లు విడిచి ఎన్నో మైళ్లు నడిచిపోయేవాళ్లని, గురువుకే గడవని రోజుల్లో వాళ్లకు అన్నం పెట్టింది ఊరివాళ్లేనని అందులో ఉంది. వారాలు చేసుకొని చదవడమంటే మన తాతలకు బాగా తెలుసు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. ఆ అన్నం అన్ని కులాల పిల్లలకూ అందలేదు. ఆ మాట దాచిపెట్టి ఆ కాలాన్ని పొగడడానికి నాకు మనసొప్పదు.

వారాలకు పోయిన పిల్లోడు అడిగింది తన కడుపు కోసం. దసరాకు మాత్రం అయ్యవారి కోసం అడిగేవాళ్లు. వీధిబడి అయ్యవారికి నెలజీతమెక్కడిది? నవరాత్రుల్లో పిల్లలు వెదురు విల్లంబులు పట్టుకొని, పద్యాలు పాడుకుంటూ, ఆయన వెంట ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. గృహస్థు అయ్యవారికి రూపాయో పంచెల చాపో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లాలు పోసేవాడు. తెలుగునాడంతా ఉన్న ఆచారమిది. సర్కారు బడులు పెరిగి అయ్యవార్లకు జీతాలొచ్చాక సన్నగిల్లింది.

ఆ తర్వాత వచ్చింది జెండా డబ్బా. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం చారల కాగితపు జెండాలు బడికొస్తాయి. పిల్లలు వాటిని జనం చొక్కాలకు గుచ్చి, డబ్బాలో చందా వేయించుకునేవాళ్లు. వచ్చిన డబ్బు యుద్ధంలో పోయిన సైనికుల భార్యాబిడ్డలకు, గాయపడినవాళ్లకు, మాజీ సైనికులకు. మొహమైనా చూడని మనుషుల కోసం చెయ్యి చాచడం మా పిల్లలు నేర్చుకున్నది ఇక్కడే.

ఒక ఏడు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో తొమ్మిదో తరగతి పిల్లోడి వెనకాల నిలబడి చూసినాను. గల్లాపెట్టె ముందున్న పెద్దాయన తల ఎత్తలేదు.

“ఏంది అబ్బీ, ఇది దేనికి?”

“సిపాయిల ఇండ్లకు సార్. యుద్ధంలో చచ్చిపోయినోళ్ల పిల్లోళ్లకు.”

“మీ ఇంట్లో ఎవురన్నా ఉండారా మిలిటరీలో?”

“లేరు సార్.”

పెద్దాయన అప్పుడు తల ఎత్తినాడు. పది రూపాయల నోటు మడిచి డబ్బాలో వేసి, జెండా గుచ్చమని చొక్కా ముందుకు లాగి పట్టుకున్నాడు. పిల్లోడు గుండుసూది ఒంటికి తగలకుండా చొక్కా కింద వేలు పెట్టి గుచ్చినాడు. అది వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చాలా బడుల్లో చీటీ ఇంటికి పోతుంది, నాయన ఫోన్‌లో డబ్బు కొడతాడు. డబ్బు చేరుతుంది, కాదనను. పిల్లోడికి మాత్రం అది ఎవరికి చేరిందో తెలీదు, లేదని తిప్పి పంపినవాళ్ల గడపా తెలీదు. పులివెందులలో బడి నడిపే నా పాత శిష్యురాలికి ఇదే చెప్పినాను. పిల్లల్ని ఇద్దరిద్దరిని, వెంట ఒక టీచరుతో పంపమ్మా. డబ్బు ఎవరికి పోతుందో ముందే చెప్పు. సాయంత్రం డబ్బా తరగతిలోనే తెరిచి, వాళ్ల చేతనే లెక్కపెట్టించి, మొత్తం బోర్డు మీద రాయించు.