తూటా మందు: బలం నుంచి నిలకడ దాకా

మా చిన్నతనంలో దీపావళికి పది రోజుల ముందే పెరట్లో చిచ్చుబుడ్ల పని మొదలయ్యేది. సురేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు వేటికవి మెత్తగా చేసి, పల్చటి గుడ్డలో జల్లించి, ఇనప రజనుతో కలిపి మట్టిబుడ్లలో దట్టించేవాళ్ళు. పెదనాన్న మాత్రం ముందు ఒక్క బుడ్డే నింపి, చీకటి పడ్డాక కాల్చి చూసేవారు. అది నిలకడగా పూస్తేనే మిగతావాటి జోలికి వెళ్ళేవారు. మందు ఒకటే, నింపే చెయ్యి ఒకటే. అయినా ఏ రెండు బుడ్లూ అచ్చంగా ఒకేలా పూసేవి కావు.

ఆ తేడా ఎక్కడ పుడుతోందన్న ప్రశ్నే, రైఫిల్ తూటాలు స్వయంగా నింపుకునే గురికాళ్ళను తరతరాలుగా వెంటాడుతోంది. పేలిన తూటా ఇత్తడి కేసును పారేయకుండా, మందును అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, మందు కొలిచి పోసి, గుండు బిగించి మళ్ళీ వాడుకోవడం అమెరికాలో, యూరప్‌లో పాత అలవాటు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఈ కథ ఎక్కువగా అక్కడే నడుస్తుంది. ఆ చరిత్ర చదివిన కొద్దీ నాకు బలపడిన నమ్మకం ఒక్కటే: మంచి మందంటే బలమైన మందు కాదు, నిన్న కాలినట్టే ఇవాళా కాలే మందు.

పలుకు నేర్పిన పాఠం

తొలినాళ్ళ తుపాకిమందు పిండిలా ఉండేది. బండి కుదుపులకు అందులోని సరుకులు విడిపోయేవి. 15వ శతాబ్దంలో యూరప్ వాళ్ళు దాన్ని తడిపి, ముద్ద చేసి, ఆరబెట్టి, పలుకులుగా విరగ్గొట్టడం నేర్చుకున్నారు. దాంతో మందు విడిపోవడం ఆగింది. అంతకంటే పెద్ద సంగతి కూడా తెలిసింది. సరుకులు అవే అయినా సన్నపలుకు గబగబా కాలుతుంది, ముతకపలుకు నెమ్మదిగా కాలుతుంది. చిన్న తుపాకికి సన్నది, ఫిరంగికి ముతకది అన్న లెక్క అలా పుట్టింది. మందు ఎంపిక అన్న ఆలోచనకు అదే మొదలు.

19వ శతాబ్దం మధ్యలో అమెరికా సైనికాధికారి థామస్ రాడ్‌మన్ ఫిరంగి మందు పలుకులకు చిల్లులు పెట్టించాడు. పలుకు బయటి నుంచి కాలుతూ చిన్నదవుతుంటే, లోపలి చిల్లులు కాలుతూ పెద్దవవుతాయి. అందువల్ల మంట తగలగానే ఒత్తిడి ఒక్కసారి ఎగసిపడదు, గుండు ముందుకు కదిలే కొద్దీ వెనక నుంచి తోపు అందుతూనే ఉంటుంది. ఈనాటి రైఫిల్ మందుల వెనక ఉన్న మూలసూత్రాల్లో ఇదొకటి.

అయితే ఆ పాత మందులో సగానికి పైగా కాలాక కూడా ఘనపదార్థంగానే మిగిలేది. తుపాకి గొట్టమంతా మసి. గొట్టం సన్నబడిన కొద్దీ ఆ మసితో ఇబ్బంది పెరిగేది. అందుకే నాటి సైనిక రైఫిళ్ళ గొట్టాలు 11 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే అమెరికాలో స్థిరపడ్డ జర్మన్ల షూట్‌జెన్ గురి పోటీల్లో కొందరు గురికాళ్ళు పోటీ పొడుగునా ఒకే ఒక్క ఇత్తడి కేసును బల్ల దగ్గరే మళ్ళీ మళ్ళీ నింపి కాల్చేవాళ్ళు. కేసు మారితే కొలత మారుతుందన్నది వాళ్ళ భయం. నిలకడ కోసం పడిన ఆ తపన నాకు అపురూపంగా తోస్తుంది.

పొగ పోయింది, వేడి వచ్చింది

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో దూదిని పేలుడు పదార్థంగా మార్చే పద్ధతిని వెల్లడించాడు. అది మరీ దూకుడుగా కాలేది. మరుసటి ఏడాదే ఇంగ్లండులోని ఫావర్‌షామ్ కర్మాగారంలో ఘోరమైన పేలుడు జరిగింది. దూకుడుకు పగ్గం వేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే. 1884లో ఆయన ఆ దూదిని ద్రావకాలతో జిగురుగా మార్చి, పల్చటి రేకులుగా చేసి ముక్కలు కోశాడు. పొగ దాదాపుగా పోయింది, మసి తగ్గింది. రెండేళ్ళకే ఫ్రెంచి సైన్యం 11 మిల్లీమీటర్ల రైఫిల్ వదిలి 8 మిల్లీమీటర్ల లెబెల్‌కు మారింది. సన్నగొట్టం రైఫిల్ యుగం అక్కడ మొదలైంది.

బ్రిటిష్‌వాళ్ళు 1889లో కార్డైట్ తెచ్చారు. సేమ్యా పోగుల్లాంటి ఆ మందును కట్టగా తూటాలో పెట్టేవాళ్ళు. నీలగిరుల్లోని అరువన్‌కాడులో 20వ శతాబ్దం మొదట్లో వెలిసిన కార్డైట్ ఫ్యాక్టరీ మన దేశాన్నీ ఈ చరిత్రలో కలిపింది. మొదటి కార్డైట్‌లో 58 శాతం నైట్రోగ్లిసరిన్. అది కాలే వేడికి గొట్టం లోపలి అంచులు కరిగి అరిగిపోయేవి. అరిగిన గొట్టంతో గురి ఎలా నిలుస్తుంది? దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధ అనుభవం తర్వాత నైట్రోగ్లిసరిన్‌ను 30 శాతానికి తగ్గించారు. గురి కోసం బలాన్ని వదులుకోవాలని ప్రభుత్వాలే ఒప్పుకున్న సందర్భం అది.

తూకం చెప్పని నిజం

అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైట్రోగ్లిసరిన్ జోలికి పోకుండా, చిల్లున్న సన్నటి గొట్టపు ముక్కల్లాంటి ఐఎంఆర్ మందులు తయారుచేసింది. ప్రతి ముక్క పైనా మంటను మొదట్లో నెమ్మదింపజేసే పూత ఉంటుంది. రాడ్‌మన్ ఆలోచనే ఇక్కడ ఆవగింజంత ముక్కలోకి దిగింది.

తూటాలో పోసే మందును గ్రెయిన్లలో తూస్తారు. మన కంసాలులు గురిగింజతో బంగారం తూచినట్టే, ఇంగ్లీషువాళ్ళు బార్లీగింజతో మొదలుపెట్టిన కొలత అది. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, గురిగింజ ఎత్తులో దాదాపు సగం. అంత చిన్న తేడా కూడా లేకుండా తూస్తే గురి కుదిరినట్టేనా? అమెరికా సైనికాధికారి జూలియన్ హ్యాచర్ 1947లో వెలువడిన తన పుస్తకంలో ఒక అనుభవం రాశాడు. జాతీయ పోటీల తూటాల కోసం రెండు మందులు పరీక్షించారు. సన్నపలుకు మందు యంత్రంలోంచి ఇంచుమించు సమానంగా పడింది. ముతకపలుకు మందు తూటాకూ తూటాకూ ఎక్కువ తేడాతో పడింది. గురిలో గెలిచింది మాత్రం ముతకదే. తూకం సమానంగా ఉంటే చాలదు, కాలడం సమానంగా ఉండాలి.

1933లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడ్ ఓల్సెన్ గుండ్రటి పలుకుల మందు కనిపెట్టాడు. ఆవాల్లా జారిపడుతుంది కాబట్టి కొలవడం సులువు. అయితే 1964లో అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ తూటాకు ఐఎంఆర్ బదులు ఈ రకం మందు వాడటం మొదలెట్టాక, కావలసిన వేగం వచ్చినా రైఫిల్ కాల్చే జోరు మారింది, వాయుగొట్టంలో మడ్డి పేరుకుంది. వియత్నాంలో రైఫిళ్ళు మొరాయించడానికి అది ఒక్కటే కారణం కాదు గానీ, 1967లో విచారించిన అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం మందు మార్పును గట్టిగా తప్పుపట్టింది. వేగం ఒక్కటే చూసి మందు ఎంచుకోకూడదని సైనికుల ప్రాణాలు పోయాక తెలిసిరావడం బాధాకరం.

బల్ల మీది పరీక్ష

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిపోయిన 4895 అనే రైఫిల్ మందును కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ టోకున కొని, పాత రైలుపెట్టెలో నిలవచేసి అమ్మాడు. మామూలు గురికాడికి మంచి మందు చవగ్గా అందింది. ఆ కాలంలోనే రైఫిల్‌ను బల్ల మీద దన్నుపెట్టి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలు ఊపందుకున్నాయి. 1950లో రెమింగ్టన్ సంస్థలో మైక్ వాకర్ రూపొందించిన .222 తూటా అక్కడ ఏలింది. 1970ల మధ్యలో డాక్టర్ పాల్మిసానో, పిండెల్ కలిసి చేసిన పొట్టి లావుపాటి పీపీసీ తూటా దాన్ని గద్దె దించింది. దానికి కుదిరిన జోడీగా ఫిన్లాండు మందు విహ్తవూరి ఎన్133 పేరుపడింది.

ఆ జోడీ ఎందుకు కుదిరిందో చూస్తే ఎంపిక సూత్రాలన్నీ దొరుకుతాయి. మందు కాలే వేగం కేసు లోపలి చోటుకూ, గుండు బరువుకూ సరిపడాలి. మందు కేసును దాదాపుగా నింపాలి, ఖాళీ మిగిలితే అది ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ జారి వేగం మారుతుంది. ఎండకూ చలికీ కాలే తీరు మారకూడదు. ఈ చివరి గుణం కోసమే 1990ల్లో ఆస్ట్రేలియా నుంచి వార్గెట్ వంటి మందులు వచ్చాయి. పేర్లు నమ్మి మాత్రం మోసపోకూడదు. ఐఎంఆర్ 4895, హాడ్జ్‌డన్ పేరుతో వచ్చే హెచ్ 4895 రెండూ ఒకటి కావు. ఒకదాని లెక్క ఇంకొకదానికి వాడితే ప్రమాదం. తయారీదారు అచ్చువేసిన లెక్కలే హద్దు.

బెంచ్‌రెస్ట్ ఆటగాళ్ళు పోటీ మైదానంలోనే తూటాలు నింపుకుంటారు. చాలామంది తూచరు. కొలతపాత్ర పిడిని ఒకే ఊపుతో ఎత్తి దించుతారు. పొద్దున్న తేమ ఉన్నప్పుడు ఒక కొలత. మధ్యాహ్నం గాలి ఆరాక మరను ఒకటి రెండు నొక్కులు తిప్పి ఇంకో కొలత. ఆపైన నూరు గజాల అవతల కాగితం మీద ఐదు గుళ్ళు కాలుస్తారు. ఐదు చిల్లులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే మిగతా తూటాలకూ అదే కొలత.

రసాయనశాల, తూకం, పట్టికలు అన్నీ దాటాక కూడా ఆఖరి మాట ఆ కాగితానిదే. పెదనాన్న దగ్గర ఆ పట్టికలేవీ లేవు. మొదటి బుడ్డి పూసిన తీరు చూశాకే ఆయన రెండో బుడ్డి చేతిలోకి తీసుకునేవారు.