తాబేలుకు వెచ్చని గది: మట్టిమిద్దె చెప్పే పాఠము

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే దారి పొడవు సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూనది పారే నల్లరేగడి నేలలు. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం మామూలు. మిట్టమధ్యాహ్నం మనిషి మిద్దె క్రింద చేరుతాడు. గొడ్డు చెట్టునీడకు పోతుంది. కొండపాదాన ముళ్లపొద అడుగున నక్షత్ర తాబేలు కాళ్లూ తలా లోపలికి ముడుచుకొని కదలక పడి ఉంటుంది. మూడు ప్రాణులూ వెతికేది ఒక్కదానినే, అది తమ శరీరానికి తగిన వేడిమి గల చోటు.

ఈ తాబేలునే పట్టి చలిదేశానికి తీసుకొనిపోతే సమస్య తలక్రిందు లవుతుంది. అక్కడ కావలసినది నీడ కాదు, వెచ్చదనము. వేడి బయటికి పోకుండా కట్టిన పెట్టె గాని గది గాని లేకపోతే అది బ్రతకదు. అట్టి గదిని నిర్మించడం మనుష్యులు ఒక్కనాడు నేర్చుకొన్నది కాదు. దానికి 200 సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉన్నది. చిత్రమేమంటే, ఆ చరిత్రలో శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటిగా తేల్చిన సూత్రాలను నంద్యాల సీమ రైతు తన ఇంటి కప్పులోను, ధాన్యపు పాతరలోను ఏనాడో వాడుకొన్నాడు.

వేడిని అరువు తెచ్చుకొనే ప్రాణి

మనిషి శరీరము లోపల 37 డిగ్రీల వేడిమి ఎల్లప్పుడూ నిలిచి ఉంటుంది. తిన్న తిండిలో అధికభాగం ఈ పొయ్యిని రగిల్చి ఉంచడానికే ఖర్చవుతుంది. తాబేలుకు ఇట్టి పొయ్యి లేదు. అది సూర్యుని నుండి, నేల నుండి, చుట్టూ ఉన్న గాలి నుండి వేడిని అరువు తెచ్చుకొంటుంది. శీతరక్త జంతువు అన్న మాటకు అర్థము ఇదే. దాని రక్తము ఎప్పుడూ చల్లగా ఉంటుందని కాదు.

నక్షత్ర తాబేలుకు పగటిపూట సుమారు 28 నుండి 32 డిగ్రీల వేడిమి అనుకూలము. వేడిమి బాగా తగ్గితే జీర్ణక్రియ మందగిస్తుంది, తిన్న ఆకు కడుపులోనే పులుస్తుంది, రోగాన్ని ఎదిరించే శక్తి సన్నగిల్లుతుంది. మితిమీరితే ప్రాణానికే ముప్పు. కనుక అది రోజంతా ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ, తన వేడిమిని తానే సవరించుకొంటుంది. వీపుపై డిప్ప దానికి కోటగోడ వంటిదే గాని కంబళి వంటిది కాదు. ఎముకతో చేసిన ఆ డిప్ప గుండా వేడి లోనికి వస్తుంది, బయటికి పోతుంది కూడా. ఇంద్రియ నిగ్రహానికి భగవద్గీత తాబేలును ఉపమానంగా చెప్పినది. అవయవాలను ముడుచుకోవడం శత్రువు నుండి రక్షణ ఇస్తుంది. చలి నుండి మాత్రం ఇవ్వదు.

సెల్బర్న్ తోటలో ఒక తాబేలు

ఇంగ్లండులో సెల్బర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు ఉండేవాడు. రింగ్‌మర్‌లో ఆయన మేనత్త పెంచిన తాబేలు ఒకటి 1780లో ఆయన చేతికి వచ్చినది. తిమోతి అని దాని పేరు. అది మధ్యధరా ప్రాంతానికి చెందిన జాతిది. మగదని అందరూ అనుకొన్నారు; అది చనిపోయిన చాలాకాలానికి డిప్పను పరీక్షించి ఆడదని తేల్చారు. ఆ డిప్ప నేటికీ లండన్ ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది.

వైట్ దాని నడవడిని సంవత్సరాల తరబడి గమనించి వ్రాసుకొన్నాడు. చలికాలం సమీపించగానే అది నేలను త్రవ్వుకొని మట్టిలో దూరేది. వసంతంలో మరల పైకి వచ్చేది. ఎండ పలుచబడిన దినాలలో తోటగోడ దగ్గరకు చేరి, డిప్పను గోడకు వాలుగా ఆనించి నిలిచేది. ఏటవాలు కిరణాలు నిలువుగా వచ్చి తాకాలంటే ఉపరితలాన్ని వాల్చాలని ఆ ప్రాణి క్షేత్రగణితం చదువకయే తెలుసుకొన్నది. పగలంతా కాగిన గోడ కూడా దానికి వేడిని పంచిపెట్టేది.

తిమోతి చలికాలంలో నిద్రించే జాతిది గనుక ఇంగ్లండు మట్టే దానికి గది అయినది. నక్షత్ర తాబేలుకు అట్టి దీర్ఘనిద్ర అలవాటు లేదు. ఇంగ్లండు చలిలో దానిని మట్టికి వదిలితే అది తిరిగి లేవదు. ఉష్ణదేశపు ప్రాణులను చలిదేశంలో ఉంచదలచినవారికి మట్టి చాలలేదు. గాజు, కొయ్య, నిప్పు కావలసివచ్చినవి.

గాజుపెట్టె నుండి విద్యుత్తు వరకు

1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూతవేసిన గాజుసీసాలో ఫెర్న్ మొక్క దానంతటదే మొలచి పెరగడం చూచాడు. లోపలి తడి ఆవిరియై, గాజుకు తగిలి నీరై, మరల మట్టికే చేరుతున్నది. ఈ గమనికతో చేసిన వార్డ్ పెట్టెలు మొక్కలను సముద్రాలు దాటించినవి. నేడు ఇండ్లలో చిన్న జంతువుల నుంచే గాజుపెట్టెలకు ఇవే పూర్వరూపాలు.

1849లో లండన్ జంతుప్రదర్శనశాలలో సరీసృపాల కోసం ప్రత్యేక భవనం తెరిచారు. ప్రపంచంలో ఇదియే మొదటిది. అయితే భవనమంతా ఒకే విధంగా వేడి చేస్తే చాలదని అనుభవం నేర్పినది. ప్రాణికి ఒక మూల వేడి, మరొక మూల చల్లదనము ఉండాలి. ఎక్కడ ఉండాలో అది ఎంచుకోవాలి. ఈ సత్యాన్ని గుర్తించి భవనాన్ని రూపొందించిన ఘనత జోన్ ప్రాక్టర్ అనే శాస్త్రజ్ఞురాలిది. 1897లో జన్మించిన ఆమె 1923లో ఆ సంస్థ సరీసృపాల శాఖకు అధిపతి అయినది. 1927లో తెరిచిన కొత్త భవనంలో ఒక్కొక్క గదికి దానికి తగినట్లు విద్యుత్తుతో వేడిని అందించే ఏర్పాటు చేయించినది. జీవితమంతా అనారోగ్యంతో బాధపడుతూనే ఈ పని సాధించి, 1931లో 34వ ఏటనే కన్నుమూసినది.

వేడి ఒక్కటే చాలదు. 1919లో బెర్లిన్ వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపం క్రింద ఉంచిన పిల్లలలో ఎముకల మెత్తదనం, అనగా రికెట్సు వ్యాధి, నయమగునని చూపాడు. ఆ కిరణాలు చర్మంలో డి విటమినును పుట్టిస్తాయి. అది లేనిదే కాల్షియము ఎముకకు పట్టదు. డిప్పనంతా ఎముకతో నిర్మించుకొన్న తాబేలుకు ఈ అవసరం ఎంతటిదో ఊహించవచ్చును. మామూలు కిటికీగాజు ఆ కిరణాలను అడ్డగిస్తుంది. అందుచేత కిటికీ ప్రక్కన ఎండలో ఉంచినా తాబేలు డిప్ప మెత్తబడి వంకరపోతుంది. ఆ కిరణాల నిచ్చే ప్రత్యేక దీపము లోపల ఉండాలి.

పెట్టెగోడ లెక్క

వేడి గోడ గుండా ఎంత వేగంగా పోతుందో 1822లో ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ తన గ్రంథంలో వివరించాడు. గోడ వైశాల్యము, లోపలికీ బయటికీ గల వేడిమి భేదము పెరిగిన కొలది నష్టం పెరుగుతుంది. మందము పెరిగిన కొలది తగ్గుతుంది. నాలుగవది ఆ పదార్థపు ఉష్ణవాహకత.

ఒక ఉదాహరణ చూడవచ్చును. మొత్తం రెండు చదరపు మీటర్ల ఉపరితలం గల పెట్టె ఉన్నది. గోడ మందం రెండున్నర సెంటీమీటర్లు. లోపల 30 డిగ్రీలు, బయట 15 డిగ్రీలు. గోడ వట్టి కొయ్య అయితే, ఉపరితలాల నంటి ఉన్న గాలిపొరలను లెక్కలోనికి తీసుకోకుండా, 180 వాట్ల వేడి నిరంతరం బయటికి పోతుంది. అదే మందం గల పాలిస్టైరిన్ నురుగుపలక అయితే 42 వాట్లు మాత్రమే. రెండు కొయ్యపలకల మధ్య ఈ నురుగు నుంచి కట్టిన పెట్టెను ఒక చిన్న దీపమే వెచ్చగా ఉంచగలదు.

నురుగులో ఉన్న మహిమ ప్లాస్టిక్కుది కాదు, గాలిది. కదలని గాలి నీటికంటె 20 రెట్లకు మించిన అధమవాహకము. కాని గాలి కదిలితే వేడిని మోసుకొని పోతుంది. దానిని చిన్నచిన్న అరలలో బంధించడమే నురుగు, దూది, ఉన్ని, గడ్డి చేసే పని.

ఇక వేడి మితిమీరకుండా చూడడానికి కాపలాదారు కావాలి. రెండు లోహాల రేకులను అతికించి వేడిచేస్తే ఒకటి ఎక్కువగా వ్యాకోచించి రేకు వంగుతుంది. ఈ వంపుతో వేడిని అదుపు చేసే సాధనానికి 1830లో ఆండ్రూ యూర్ థర్మోస్టాట్ అని పేరుపెట్టాడు. వేడిమి హద్దు చేరగానే అది విద్యుత్తును త్రెంచివేస్తుంది. ఈ కాపలా లేకుండా బాగా బంధించిన పెట్టె చలి నుండి కాపాడినదే వేడితో చంపగలదు.

మిద్దె, పాతర, కోనేరు

ఇప్పుడు నంద్యాల సీమకు తిరిగి రావచ్చును. ఇక్కడి పాత ఇండ్లకు మందమైన రాతిగోడలు, వాటిపై దూలాలు, దంతెలు, ఆపైన నాపబండలు లేక కట్టెలు, వాటి మీద మందంగా మట్టి, అన్నిటికీ పైన నీటిని దిగనీయని చవుడు. ఈ మట్టి నురుగుపలక వలె గొప్ప బంధకము కాదు. దాని బలం వేరు: వేడిని తనలో పట్టి ఉంచుకొనే శక్తి. మధ్యాహ్నపు ఎండ అడుగు మందం మట్టిని దాటి లోపలికి చేరడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. అది వచ్చేసరికి రాత్రి అవుతుంది. ఇంటివారు మిద్దెపైన ఆరుబయట పడుకొని ఉంటారు. నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబుకు ఇంత ఓపిక లేదు. అది సాయంకాలానికే ఇంటిని పొయ్యిగా మారుస్తుంది.

జొన్నపాతర రెండు సూత్రాలనూ కలిపినది. గుంత చుట్టూ చొప్ప, గడ్డి పరచి జొన్నలు పోసి, పైన మరల గడ్డి వేసి మట్టితో కప్పుతారు. గడ్డి గాలిని బంధిస్తుంది. చుట్టూ ఉన్న నేల వేడిమిని నిలకడగా ఉంచుతుంది.

నంద్యాల దగ్గరి మహానంది కోనేటి నీరు వేసవిలో చల్లగాను, చలికాలంలో వెచ్చగాను ఉంటుందని యాత్రికులు ఆశ్చర్యపడతారు. నేల లోతునుండి వచ్చే ఊటనీటి వేడిమి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే. మారేది చుట్టూ ఉన్న గాలి. దానితో పోల్చి చూచే మన చర్మము మారుస్తున్నది తీర్పును. సెల్బర్న్ తాబేలు మట్టిలో దూరినది ఈ నిలకడ కొరకే.

తెలుగుదేశంలోనే తాబేళ్లను సంరక్షించిన చోట్లకు కొదువ లేదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయ ఆవరణంలో నక్షత్ర తాబేళ్లను ఉంచుతూ వచ్చారు. 1963లో హైదరాబాదులో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరిచినప్పుడు బాగేఆం తోట నుండి ఒక గలాపగోస్ మహాకూర్మాన్ని అక్కడికి తరలించారు. అది 2024 మార్చిలో మరణించినది. వయస్సు 125 ఏండ్లని అంచనా. ఆ జంతుశాలలో వేసవిలో నీటి తుంపరలు, చలికాలంలో సరీసృపాలకు బల్బుల వెచ్చదనము ఏర్పాటు చేయడం ఏటేటా జరిగే పని.

ఎవరికి గది?

ఇంత విద్యను మనిషి సంపాదించినది ఎందుకు? ప్రాణిని దాని చోటి నుండి పెకలించినందువలన. నక్షత్ర తాబేలు అందమే దానికి శత్రువైనది. నల్లని డిప్పపై పసుపు చారలు నక్షత్రాల వలె విరిసి ఉండడంతో విదేశాల పెంపుడు జంతువుల అంగళ్లలో దానికి గిరాకీ ఏర్పడినది. ఒకే ఒక సేకరణ స్థానం నుండి ఏటా 55,000కు తక్కువ కాకుండా పట్టుకొని పోతున్నారని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపినది. సంచులలో, పెట్టెలలో కుక్కి పంపిన వాటిలో ఎన్నో దారిలోనే చనిపోతాయి. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దీనిని పట్టడం, అమ్మడం, ఇంట పెంచడం నేరము. 2019లో జెనీవా సమావేశం దీని అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించే పట్టికలో చేర్చినది.

అందుచేత వెచ్చని గది కట్టే విద్య నేడు ఎక్కువగా ఉపయోగపడవలసినది వేడుక కొరకు కాదు. చలిదేశాలలో పట్టుబడి, తిరిగి రాలేని ప్రాణులను బ్రతికించడానికి, జంతుశాలలలో రోగులైన వాటిని కోలుకొనేట్లు చేయడానికి. నల్లమల పాదాన పుట్టిన తాబేలుకు పాలిస్టైరిన్ గోడ అక్కరలేదు, దీపము అక్కరలేదు, థర్మోస్టాట్ అక్కరలేదు. దానికి ఎండ పడే బయలు, ప్రక్కనే నీడనిచ్చే పొద చాలును. ఆ పొదను కొట్టివేయకుండా విడిచిపెట్టడమే మనిషి దానికి కట్టగల గదులలోకెల్ల మేలైన గది.